టెలిఫోన్‌లో ఇచ్చిన మాట

ఆ శనివారం పొద్దున, ఊరి నాటకాల హాల్లో మైకు చూసుకునే అంపోఫో పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రం నాటకానికి మైకు తుడవడం. భార్య వంట చేస్తున్న పొయ్యి పక్కన కూర్చుని తుడుస్తుంటే అది చేయి జారి పామ్ పండ్ల పులుసులో పడింది. పులుసుకేమీ కాలేదు, మైకుకే నోరు పడిపోయింది.

అసలే ఆ రోజు గండం. కుమాసీ దగ్గరి ఆ ఊళ్ళో రాజును నానా అంటారు; ఆయన నాటకానికి వస్తున్నారు. హాలు నాటకాలవాళ్ళకే ఉంచాలా, సిమెంటు వ్యాపారి అద్దాయ్‌కి గోదాముగా ఇవ్వాలా అన్నది ఆ రోజే తేలుస్తారు. హాలు పోతే అంపోఫో బతుకు బజారున పడ్డట్టే. చేసేదిలేక అటక మీది నల్లటి పాత టెలిఫోన్ దింపి, బ్యాటరీ తగిలించి, తీగను ఆంప్లిఫయర్‌కు కలిపాడు. రిసీవర్‌లో దగ్గితే హాలంతా ఖంగుమంది.

నాటకం నడిపే అద్వోవా దాన్ని ఎగాదిగా చూసింది. "మొగుడూ పెళ్ళాం ఒకే మంచం మీద కూర్చుని ఫోన్లో పోట్లాడుకోవాలా?"

"వినపడాలంటే అంతే అక్కా."

అలాగే పోట్లాడుకున్నారు. జనం పడీపడీ నవ్వారు. తరువాత అద్వోవా సెర్వా అనే వితంతువుగా వచ్చింది. షావుకారు తన ఇల్లు లాక్కుంటున్నాడని రాజు వేషగాడి కాళ్ళ మీద పడాలి. తీగ అంత దూరం రాలేదు. ఉన్నచోటే నిలబడి, జనం వైపు తిరిగి, "నానా, ఈ కప్పు నాకు లేకుండా చెయ్యకండి" అని రిసీవర్‌లో ఏడ్చింది.

ముందు వరుసలో అసలు నానా తలెత్తారు. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. ఏ మాటైనా ఆయన తరఫున మాట్లాడే ఒచెయామే నోటి మీదుగానే పోవాలి, రావాలి. తప్పినవాళ్ళు జరిమానాగా గొర్రెను ఇచ్చుకోవాలి.

ఒచెయామే బంగారు పిడి కర్రతో వేదిక ఎక్కాడు. తిట్లు తప్పవనుకుని అద్వోవా రిసీవర్ ఇచ్చేసింది. ఆయన తిట్టలేదు. ఆమె మొరను పద్ధతిగా నానాకు విన్నవించాడు. నానా నవ్వు ఆపుకుంటూ ఏదో అన్నారు. ఒచెయామే వంగి విని, కర్రను హాలు కప్పు వైపు చూపుతూ మళ్ళీ రిసీవర్ ఎత్తాడు.

"సెర్వా బతికున్నంత కాలం ఈ కప్పు జోలికి ఎవరూ రాకూడదని నానా మాట."

హాలు దద్దరిల్లింది. అద్దాయ్ లేచి, ఇది నాటకమనీ, సెర్వా అనే మనిషే లేదనీ మొత్తుకున్నాడు.

"నా నోట వచ్చింది నాటకం కాదు. ఊరంతా వింది," అన్నాడు ఒచెయామే, ఫోన్లోనే.

అంపోఫోకు సంతోషంతో ఏడుపొచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది, తరువాతి రంగంలో సెర్వా రోగంతో చచ్చిపోతుంది. అద్వోవా అప్పటికే అలవాటుకొద్దీ మంచమెక్కి దగ్గుతోంది. అద్దాయ్ మొహం విప్పారింది.

అంపోఫో వేదిక మీదికి ఉరికి రిసీవర్ లాక్కున్నాడు. "ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాం. ఆమెకు నయమైపోయింది."

అద్వోవా దగ్గు మింగి లేచి కూర్చుంది.

ఆ నాటకం ఇప్పటికీ అదే హాల్లో ఆడుతున్నారు. సెర్వాను తుమ్మనివ్వరు కూడా.