రక్తం కక్కిన రేడియేటర్

"ఈ భూమండలం మీద నర్సింహ కళ్ళు కప్పగల నేరస్తుడు ఇంకా తల్లి కడుపున పడలేదు!"

ఈ ప్రకటన వెలువడింది నార్సింగిలో, నీలమ్మగారి మోటారు కొట్టంలో. చేసినవాడు సాక్షాత్తూ నర్సింహే. విన్నవాళ్ళు ఇద్దరు. ఒకడు మోటారు కింద వెల్లకిలా పడుకున్న డ్రైవరు ఎల్లేశం, రెండోది పక్కన కట్టేసిన బర్రె. బర్రె నెమరు ఆపలేదు.

"ఆ పానా ఇటియ్యి," అన్నాడు ఎల్లేశం.

నర్సింహ ఎల్లేశానికి స్వయానా బామ్మర్ది. పెళ్ళాం తమ్ముడు కాబట్టి కొట్టడానికి లేదు, తిట్టినా రాత్రి అన్నం దగ్గర ఆ తిట్టు తిరిగొస్తుంది. మద్రాసు నుంచి వచ్చే చవక డిటెక్టివ్ పుస్తకాలు చదివి చదివి, తనకు తానే 'అపరాధ పరిశోధక చక్రవర్తి' అని బిరుదు ఇచ్చుకున్నాడు. అంతవరకు అతను ఛేదించిన కేసు ఒక్కటే, తప్పిపోయిన కోడిపెట్టది. వెతుకుతూ వెతుకుతూ దాన్ని తొక్కాడు.

ఎల్లేశానికి ఆ వారం నవ్వే ఓపిక లేదు. కిందటి నెల నీలమ్మగారిని శంషాబాదులో వియ్యపురాలి ఇంటికి తీసుకుపోతే, ఊరి పొలిమేరలో మోటారు కుతకుత ఉడికి, ముందు నుంచి ఆవిరి చిమ్మి చతికిలబడింది. మిగతా దారి రెండు బర్రెలు లాక్కెళ్ళాయి. వాకిట్లో నిలబడ్డ వియ్యపురాలు కనకలక్ష్మి పదిమందీ వినేలా, "మోటరు మంచిగున్నది వదినా, ఈ బర్లు ఎక్కడివి?" అంది.

ఆ మాట నీలమ్మగారి గుండెలో ముల్లులా దిగింది. "ఎల్లేశం! ఐతారం మళ్ల ఆమె ఇంటికే పోవాలె. ఈసారి ఇంత ఆవిరి లేసిందా, మోటరు అమ్మేస్త. నువ్వు బర్లెంట పోతవ్," అని తేల్చేసింది.

ఎల్లేశం తాతముత్తాతలంతా బర్రెలు కాచినవాళ్ళే. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటివాడు అతనే. కన్నపిల్లల ముక్కు తుడవనివాడు పొద్దున్నే లేచి ఆ మోటారును తన కండువాతో తుడుస్తాడు. అది పోతే తనలో సగం పోయినట్టేనని అతనికి తెలుసు, అందుకే రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

రోగం తెలిసిందే. ఇంజనులో కాగిన నీళ్ళను గాలికి చల్లార్చే రేడియేటర్, ఊళ్ళో అందరూ జాలీ అనేది, చిల్లులు పడిపోయింది. ఎన్ని మాట్లు వేసినా ఇంకోచోట కారుతోంది. వేరే జాలీ వెతకాల్సిందే.

నర్సింహ వంగి మోటారు కింద ఎర్రటి మడుగును చూశాడు. అతని కనుబొమ్మలు నుదుటి మీదికి ఎగబాకాయి.

"బావా! రక్తం!"

"తుప్పు నీళ్ళురా."

"తుప్పని నిన్ను నమ్మించిన్రు. ఈ జాలీ దానంతటది సావలే. దీన్ని ఎవరో హత్య చేసిన్రు!"

ఎల్లేశం పాత జాలీ పొడవు, వెడల్పు తాడుతో కొలిచి ముళ్ళు వేసుకుని సైకిలెక్కాడు. పిలవకపోయినా వెనక సీటు మీద చక్రవర్తిగారు ఎక్కి కూర్చున్నారు.

గచ్చిబౌలిలో రామన్న అనే ఆయన ఉన్నాడు. మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత మోటార్లను వేలంలో కొని, విప్పి, ఇంటి ముందు గుట్టగా పోసుకుని అమ్ముతుంటాడు. బండరాళ్ళ మధ్య ఆ ఇల్లు, ఇంటి చుట్టూ చక్రాలు లేని మోటార్లు. ఎండకు బండలు పెనాల్లా కాలుతున్నాయి.

"రాండ్రి రాండ్రి! రెండు జాలీలున్నయ్, ఏది గావాల్నో సూస్కోండ్రి," అన్నాడు రామన్న.

ఎల్లేశం మొదటిదాన్ని తాడుతో కొలిచాడు. కొలత సరిపోయింది. కింది గొట్టానికి గుడ్డ కుక్కి, పైనుంచి నీళ్ళు పోశాడు. జల్లెడలోంచి కారినట్టు ఎర్రటి నీళ్ళు నలుమూలలా కారాయి. రెండోదానిలో పోశాడు. కారలేదు. ఎల్లేశం ముఖం వెలిగింది. అంతలోనే అడుగు నుంచి పచ్చటి చుక్క ఒకటి పడింది, దాని వెనక ఇంకోటి.

"పసుపు పోసినవా రామన్నా? ఐతారం అమ్మగారిని శంషాబాదుల వియ్యపురాలి ఇంటికి తీస్కపోవాలె."

"పోసిన. దాస్తే ఏమొస్తది? పసుపు పోస్తే సిల్లులు మూసుకుంటయని డ్రైవర్లందరికి ఎర్కే గదా. శంషాబాదు దాంక ఫికర్ లేదు."

"మళ్ల వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఆ ఇంట్లనే జర పసుపు అడుగుండ్రి."

కనకలక్ష్మి దగ్గర మోటారుకు పసుపు అడగడం! నీలమ్మగారి ముఖం తలుచుకుని ఎల్లేశం ఆ ఎండలోనే వణికాడు.

ఇక్కడ నర్సింహ మెదడు పనిచేయడం మొదలుపెట్టింది, అది ఎప్పుడూ ప్రమాదమే. నేల మీద ఒకవైపు ఎరుపు, ఒకవైపు పసుపు. ఎదురుగా ఎవరో పేర్చినట్టున్న బండలు. అతను బావను రెక్క పట్టుకుని ఒక బండ చాటుకు లాగాడు.

"పసుపు! కుంకుమ! బండలు! ఇంకా తెల్వలేదా బావా? గుప్తనిధి! ఈడు బండల కింద బంగారం కోసం తవ్వుతున్నడు. జాలీలు ఉత్త నాటకం. నిధికి నరబలి గావాలె!"

"ఎవర్నిస్తడు?"

"ఎవరైతే తమంతట తాము నడిసొచ్చిన్రో ఆళ్ళని. అంటే నిన్ను."

"నువ్వు సుత వచ్చినవ్ గదరా?"

ఈ కోణం చక్రవర్తిగారికి తట్టలేదు. అయినా సర్దుకుని, "చావుతో చెలగాటమాడటం ఈ నర్సింహకు వెన్నతో పెట్టిన విద్య! శత్రువు స్థావరంలోకి మారువేషంలో ప్రవేశిస్తాను," అని పుస్తక భాషలోకి దిగిపోయాడు. చేతిసంచిలోంచి మేకవెంట్రుకల గడ్డం తీసి, తుమ్మజిగురుతో దవడలకు అతికించుకుని, ఇంటి వెనక్కి పాక్కుంటూ పోయాడు.

ఎల్లేశం ఆపలేదు. ఆపే ఓపిక కూడా లేదు. తిరిగొచ్చి పసుపు జాలీ ముందు గొంతుకూర్చుని దిగాలుగా చూస్తున్నాడు. ఇగ ఇదే దిక్కు, పసుపు పొట్లం జేబులో పెట్టుకుని పోదామా అనుకుంటుండగా వెనక నుంచి కేక వినిపించింది.

"బావా! బలి మొదలైంది!"

జరిగింది ఇది. రామన్న వంటింటికి వెనకవైపు చిన్న కిటికీ ఉంది. నర్సింహ దానికి ముఖం ఆనించి లోపలికి తొంగి చూశాడు. లోపల పొయ్యి ముందున్న రామన్న భార్య భూలక్ష్మికి కిటికీ సందుల్లోంచి నల్లటి బొచ్చు కదులుతూ కనిపించింది.

"అమ్మో, పందికొక్కు!" అని ఆమె పట్టకారుతో ఆ బొచ్చు పట్టి లాగింది.

జిగురు గట్టిది, గడ్డం ఊడలేదు. వెంట్రుకలు సందుల్లో మెలికపడ్డాయి. పరుగెత్తుకొచ్చిన ఎల్లేశం బామ్మర్దిని నడుం పట్టి లాగాడు. లోపల భూలక్ష్మి లాగుతోంది, బయట ఎల్లేశం లాగుతున్నాడు, మధ్యలో అపరాధ పరిశోధక చక్రవర్తి సాగుతున్నాడు.

"నిధి యాడున్నదో చెప్పు!" అని అరిచాడు నర్సింహ, ఆ స్థితిలో కూడా.

"నీ నిధి పాడుగాను! కొక్కు మాట్లాడుతున్నదేందయ్యో!" అని భూలక్ష్మి పట్టకారు వదిలేసింది.

దాంతో బావా బామ్మర్దులు వెనక్కి పడ్డారు. మట్టిగోడ పెళ్ళలు రాలి కిటికీ కూడా ఊడొచ్చి, గడ్డానికి వేలాడుతూ నర్సింహ ఒళ్ళో పడింది.

భూలక్ష్మి బిందెతో బయటికొచ్చి చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో, మనిషే! జర ఆగు బిడ్డా, నీళ్ళు పోస్తే జిగురు ఇడుస్తది," అని బిందెడు నీళ్ళు గడ్డం మీద కుమ్మరించింది. జిగురు వదల్లేదు. సగం నీళ్ళు మాత్రం కిటికీ పైనున్న మూతిలోంచి బుడబుడమంటూ లోపలికి పోయాయి.

కిటికీకి మూతి ఏమిటి? ఎల్లేశం లేచి కూర్చున్నాడు. మసిపట్టిన ఆ కిటికీ కింద గొట్టం ఉంది, గొట్టానికి గట్టిగా బిగించిన కర్రబిరడా ఉంది.

"రామన్నా, ఇది జాలీ గదనే!"

"అవ్ గదా! మొట్టమొదలు కొన్న మోటరుది. కిటికీ లేదని ఈమె లొల్లి పెడితే దీన్నే గోడల పెట్టిన. తేళ్ళు దూరకుండ బిరడా కొట్టిన. ఇగ అది జాలీ అన్న సంగతే మరిచిపోయిన."

ఎల్లేశం వంగి అడుగు చూశాడు. తడి లేదు. వేలితో రాశాడు. పొడిగా ఉంది. నీళ్ళు మూతి దాకా నిండి ఉన్నాయి, ఒక్క చుక్క కారడం లేదు. జేబులోంచి తాడు తీశాడు.

"బావా, నా దవడ..."

"జర కదలకురా, కొలుస్తున్న!"

ముడికి ముడి సరిపోయింది. ఎల్లేశానికి కళ్ళు చెమర్చాయి. జాలీని, దానికి వేలాడుతున్న బామ్మర్దిని కలిపి కావలించుకున్నాడు.

"చూశావా బావా? నా అనుమానం మొదటి నుంచీ ఆ కిటికీ మీదే!" అన్నాడు నర్సింహ. భూలక్ష్మి కత్తెర తెచ్చి గడ్డం కత్తిరించింది. పొగ పోయే అసలు కిటికీ పెట్టించుకునే యోగం ఇన్నాళ్ళకు పట్టిందని ఆమెకే అందరికంటే సంతోషం.

ఐతారం నాడు నీలమ్మగారి మోటారు శంషాబాదు చేరింది. వేడుక చూడటానికి కనకలక్ష్మి ఇరుగుపొరుగునంతా ముందే పిలిచి వాకిట్లో నిలబెట్టింది. మోటారు నల్లగా నిగనిగలాడుతూ వచ్చి వాళ్ళ ముందు మెత్తగా ఆగింది. ఆవిరి లేదు, చుక్క నీరు లేదు.

ఎల్లేశం దిగి తలుపు తీశాడు. నీలమ్మగారు దిగలేదు.

"ఎల్లేశం, ఊరు సుట్టు ఒకపారి తిప్పు."

తిప్పాడు. వాకిట్లోకి రాగానే మళ్ళీ తిప్పమంది. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి కనకలక్ష్మి ఉండబట్టలేక ఎదురొచ్చి, "ఇగ దిగు వదినా, వంట సల్లారుతున్నది," అంది.

నీలమ్మగారు కొంగు సర్దుకుని, సీటుకు జారగిలబడి, చల్లగా చెప్పింది.

"జర ఆగు వదినా. మా ఇంజను ఇంక వేడే ఎక్కలే."