రోడ్డుకు అభిషేకం

ప్రకృతిని కాపాడాలంటే ముందుగా కావలసింది చెట్టు కాదు, చట్టం. చట్టం ఏం చెబుతోందో తెలియాలంటే పరిశోధన కావాలి. పరిశోధనకు కుర్చీలు కావాలి. ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టింది మన సూర్యాపేటేనని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. (కుర్చీలు వచ్చేశాయి. చక్రాలవి.)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతీయ పర్యావరణ సుస్థిరతా ఎండోమెంట్ నిధి అని ఒక సంస్థ ఉంది. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు, రైసు మిల్లుల వాళ్లు తలా కొంత వేసి బ్యాంకులో పెట్టిన సొమ్ము అది. నియమం చాలా తేలిక. అసలు ముట్టరాదు, దాని మీద వచ్చే మిత్తి మాత్రం గాలికీ నీటికీ నేలకూ ఖర్చు పెట్టాలి. ఆ మిత్తిని ఎలా ఖర్చు పెడితే చట్టం ఒప్పుకుంటుందో తేల్చడానికి న్యాయ పరిశోధన విభాగం పెట్టారు. విభాగం ఖర్చులకు మిత్తి సరిగ్గా సరిపోతోంది కాబట్టి ఇంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది ఆండాలు రూపంలో వచ్చింది.

ఆండాలుది మఠంపల్లి దగ్గర, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన చిన్న టిఫిన్ హోటల్. ముందు హోటల్, వెనక ఇల్లు, మధ్యలో ఒక చీర తెర. లారీ ఒకటి పోయిందంటే ఆ దుమ్ములో ఇడ్లీ ఏదో పళ్లెం ఏదో కాసేపు తెలియదు. దానికి ఆమె ఏనాడూ బాధపడలేదు. కానీ ఆమె భర్త మల్సూర్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. దుమ్ము లేని చోట ఉంచకపోతే మనిషి దక్కడని కోదాడ దవాఖానలో డాక్టరు చెప్పాడు. వాళ్లకు వేరే చోటు లేదు. అందుకని ఆమె కోరింది ఒక్కటే. పొద్దునా సాయంత్రం ఆ రోడ్డు మీద ఒక ట్యాంకరు నీళ్లు చల్లించాలి.

నేను కోదాడలో వకీలును. కోర్టు పని మీద అటు వెళ్లినప్పుడల్లా నా పూరీ అక్కడే. దరఖాస్తు నేనే రాసి, ఆమెను వెంటబెట్టుకుని సూర్యాపేట వెళ్లాను.

ఆఫీసు కిరాయి బిల్డింగులో పై అంతస్తు. సంస్థ పేరు పొడుగు కావడంతో పెయింటరు 'ఎండోమెంట్' ఒక్కటే బోర్డు నిండా రాసి, మిగతాదంతా కిటికీ కింద సన్నగా సర్దాడు. మన దగ్గర ఎండోమెంట్ అంటే గుడి. మెట్ల కింద ఆఫీసు వాళ్లవీ వచ్చినవాళ్లవీ చెప్పుల కుప్ప ఉంది. ఆండాలు కూడా చెప్పులు విడిచి నా వైపు నిష్ఠూరంగా చూసింది.

"దేవుని కాడికని జెప్పకపోతివి వకీల్ సాబ్. ఒక కొబ్బరికాయన్న తెద్దును."

లోపల ముఖ్య పరిశోధనాధికారి యుగంధర్ గారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు. దరఖాస్తు చదివి, నుదుట బొట్టు చెదరకుండా తల గోక్కున్నారు.

"ఎండోమెంట్ అన్న మాట ఏ చట్టంల ఉన్నదా అని బీరువాలన్నీ ఎతికినం వకీల్ సాబ్. ఎక్కడ సూసినా గుడే ఉన్నది. అంటే మనది గూడ గుడే అయితది."

"గుళ్లు చూసే ఆఫీసు వాళ్లను అడిగారా?"

"అడగకుండ ఉంటమా? మీది గుడి కాదు, మీ పని మీరు చూసుకోండని రాసిండ్రు. మా పని మమ్మల్నే చూస్కోమన్నరంటే స్వతంత్రమైన గుడి అన్నట్టే గద."

మరి దేవుడెవరని అడిగాను. పర్యావరణమట. దేవుడు చట్టం దృష్టిలో మైనరు. (ఇది నిజమే. లా కాలేజీలో నేనూ చదివాను, అప్పుడు నవ్వు రాలేదు.) మైనరుకు సంరక్షకుడు ఉండాలి. ఆ బరువు యుగంధర్ గారు మోస్తున్నారు.

"మైనరు సొమ్ము గద. మేజరయ్యేదాకా ఆగాలె."

"దేవుడు ఎప్పటికీ మేజరు కాడు కదండీ."

"అందుకే ఆగుతున్నం."

"మైనరు మేలు కోసం సంరక్షకుడు ఖర్చు పెట్టవచ్చు."

"దుమ్ము తగ్గితే మేలైతదని ఎవరు చెప్పాలె? మైనరే చెప్పాలె. మైనరు చెప్తే చెల్లదాయె."

ఆండాలు ఇంతసేపూ గోడ మీద దేవుడి పటం కోసం వెతుకుతోంది. అది కనపడక ఆయనవైపు తిరిగింది.

"సారూ, మీ పోరడు మైనరైతే అయిండు. మా ఆయన పెద్దమనిషే గద. గా దుమ్ముకు ఆయనకు దమ్మాడ్తలేదు. జర సూడుండ్రి."

యుగంధర్ గారు నిజంగానే చలించారు. మరుసటి వారమే జీపులో విచారణకు వచ్చారు. ముందుగా ఆ దుమ్ము స్థానికత తేల్చడానికి సిబ్బంది చాలాసేపు కష్టపడ్డారు. మిర్యాలగూడ మిల్లుల ఊక బూడిద గాలిలో ఇటు వచ్చి ఇక్కడి సిమెంటుతో కలిసిపోయి ఉంటే అది ఏ జిల్లా దుమ్మవుతుంది? గాలికి ఆధార్ లేకపోవడం వల్ల ఈ అంశం వాయిదా పడింది. తర్వాత ఆయన హోటల్ బల్ల మీద వేలితో ఒక గీత గీసి, వేలిని వెలుతురుకు పెట్టి చూశారు. తెల్లగా, మెత్తగా ఉంది. ఆయన ముఖం వికసించింది. చీర తెర వెనక మల్సూర్ దగ్గుతూనే ఉన్నాడు. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

ఉత్తర్వు వచ్చింది: "స్వామివారి పరిధిలో, ఎవరూ సమర్పించకుండా, పైనుండి నిరంతరాయముగా రాలు తెల్లని పొడిని విభూతిగా నిర్ధారించడమైనది. ఉచితముగా లభించు ప్రసాదమును నీళ్లతో కడిగివేయుమని భక్తురాలు కోరుట విచారకరము."

అది చదివి నాకు ఒళ్లు మండింది. కాగితం చించేద్దామనుకున్నాను. ఆండాలు మాత్రం చదివించుకుని విని, గిన్నెలు కడగడం ఆపలేదు.

"ఆళ్లకు గుడి భాషే ఎక్కుతదంటే, మనం గూడ గదే మాట్లాడాలె సారూ. నీళ్లొస్తే సాలు. పేరేదైతేంది?"

ఇంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు నా పట్టా మీద నాకే అనుమానం వచ్చింది. వెంటనే కొత్త దరఖాస్తు రాశాను. 'నీళ్లు చల్లుట' అన్నచోట 'అభిషేక సేవ' అనీ, 'ట్యాంకరు' అన్నచోట 'జలకలశం' అనీ మార్చాను. యుగంధర్ గారు చాయ్ చల్లారేలోపు సంతకం పెట్టారు. సంస్థ చరిత్రలో మిత్తి బయటికి రావడం అదే మొదటిసారి. ఆయన కళ్లు చెమర్చాయి.

చెప్పిన రోజుకు ట్యాంకరు నిజంగానే వచ్చింది, బంతిపూల దండతో. షామియానా వేశారు. డప్పులు మోగాయి. యుగంధర్ గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. మల్సూర్‌ను కుర్చీలో తెచ్చి రోడ్డు వారన కూర్చోబెట్టారు. ఆండాలు అతని ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టి, ట్యాంకరునే చూస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను.

అభిషేకమన్నాక విగ్రహం ఉండాలి. ఆ సంగతి నాకు తట్టలేదు, వాళ్లకు తట్టింది. రోడ్డు పక్క కిలోమీటరు రాయికి పసుపు పూసి సిద్ధంగా ఉంచారు. పైపు తీసి ట్యాంకరంతా ఆ రాయి మీదే పోశారు. రాయి చుట్టూ గట్టు కట్టి, నీళ్లు ఒక్క చుక్క కూడా రోడ్డు మీదకు రాకుండా డ్రమ్ముల్లోకి మళ్లించారు. ఏర్పాట్లలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"సారూ, జర గీడ గూడ సల్లుండ్రి," అంది ఆండాలు. "మా ఇంటి ముంగట ఒక్క బారెడన్న."

"తప్పమ్మా. తీర్థం కాళ్ల కింద పడొద్దు. లారీలు తొక్కుతయి," అన్నారు యుగంధర్ గారు.

అంతలో ఒక లారీ పోనే పోయింది. షామియానా మొత్తం తెల్లబడింది. సిబ్బంది భక్తితో కళ్లు మూసుకున్నారు. నాకు తలెత్తుకోవడానికి సిగ్గేసింది. అభిషేకమన్న మాట రాసింది నేనే మరి. ఆండాలు మల్సూర్ ముక్కు మీది తువ్వాలు మళ్లీ సర్దింది.

ఆఖరున తీర్థం పంచారు. మల్సూర్ చేతిలో ఒక ఉద్ధరిణి పోశారు. నోటి దాకా తెచ్చేలోపు అతనికి దగ్గు తెర వచ్చి ఒళ్లంతా ఊగిపోయింది. నీళ్లు రోడ్డు మీద ఒలికాయి. అరచేయంత మేర దుమ్ము అణిగింది.

యుగంధర్ గారు దానికి ఫోటో తీయించి వార్షిక నివేదికలో పెట్టించారు. కింద ఇలా రాసి ఉంది: "రోడ్డుపై నీళ్లు చల్లు పనులను లబ్ధిదారుడే స్వయంగా ప్రారంభించారు."