రమణబాబుగారి మొదటి ర్యాంకు

ఆ ఆదివారం హౌరా పక్క సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో రమణబాబుగారింట్లో ఉన్నవాళ్లు వీరు: హౌరా తెలుగు సేవాసంఘం అధ్యక్షులు రమణబాబుగారు, వారి భార్య భానుమతి, కాలేజీలో కంప్యూటర్లు చదివే కూతురు సమీర, సంఘం కార్యదర్శి ఉమామహేశ్, పదో తరగతి పరీక్షలు రాసి టెక్కలి పక్క పల్లె నుంచి సెలవులకు వచ్చిన మేనకోడలు నీరజ. నీరజ వంటింటి గుమ్మంలో తలుపు చాటున నిలబడింది కాబట్టి ఆమెను సభలో ఉన్నట్టు ఎవరూ లెక్కవేయలేదు.

రమణబాబుగారు లేచి నిలబడ్డారు. సొంత ఇంట్లో నలుగురి ముందు లేచి నిలబడి మాట్లాడడం నాయకులకే చేతనవుతుంది.

"జూన్ మొదటివారంలో మన రాష్ట్రం మంత్రిగారు కలకత్తా వస్తన్నారు. తూర్పు రాష్ట్రాల తెలుగువాళ్లందరికీ ఒక సమన్వయకర్తని వేస్తారు. గూగుల్‌లో ఎవరి సంఘం ముందొస్తే ఆ అధ్యక్షుడికే పదవి. పీఏగారు స్వయంగా చెప్పారు."

"మరి మనమెక్కడున్నాం సార్?" అన్నాడు ఉమామహేశ్.

సమీర ల్యాప్‌టాప్‌లో వెతికింది. "నాలుగో పేజీలో నాన్నా. మనకన్నా ముందు ఒక బిర్యానీ హోటల్ ఉంది."

"ఫస్ట్ ఎవరు?"

"గార్డెన్ రీచ్ సాల్మన్ రాజు అంకుల్ వాళ్ల సంఘం."

సాల్మన్ రాజు గార్డెన్ రీచ్ రేవులో పనిచేసి రిటైరైన మనిషి. శాలువా కప్పితే ఎటు తిరిగి ఫొటో దిగాలో కూడా తెలియదు.

"ఇది నా పదవి విషయం కాదు," అన్నారు రమణబాబుగారు. "జాతి ఆత్మగౌరవ సమస్య." సమన్వయకర్త అనే హోదాతో విజిటింగ్ కార్డులు అప్పటికే అచ్చుకు ఇచ్చేశారు కాబట్టి ఆత్మగౌరవానికి గడువు కూడా ఉంది.

ఉమామహేశ్ ముప్ఫై ఏళ్లు రైల్వే యార్డులో గ్యాంగులకు హాజరు వేసినవాడు. ఎంతటి పనికైనా మనుషుల్ని దింపడమే మార్గమని అతని నమ్మకం. సంఘం సభ్యుల్ని మూడు షిఫ్టులుగా విడగొట్టాడు. ప్రతి సభ్యుడూ రోజుకు యాభైసార్లు తన ఫోన్‌లో 'తెలుగు సంఘం' అని వెతికి, ఎంత కిందున్నా మన సంఘాన్నే పట్టుకుని నొక్కాలి. నొక్కి హాజరు మస్టర్‌లో సంతకం పెట్టాలి.

"బీ షిఫ్టులో వెంకటేశు రాలేదు సార్. జ్వరమట."

"జ్వరం వేలికొచ్చిందా ఏటి?" అన్నారు రమణబాబుగారు. వెంకటేశు దుప్పటి కప్పుకునే నొక్కాడు.

ఎనిమిదో రోజు ఉమామహేశ్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "వచ్చీసింది సార్! ఫస్ట్ మనదే! అందరి ఫోన్లలోనూ మనదే!"

రసగుల్లాల కుండలు వచ్చాయి. పక్కింటి ముఖర్జీగారి భార్యకు ఇచ్చి రమ్మని భానుమతి ఒక గిన్నె నీరజ చేతిలో పెట్టింది. నీరజ వెళ్లి, ఆవిడ ఫోన్ అడిగి, తానూ ఒకసారి వెతికి చూసింది. తిరిగి వచ్చాక అరగంటసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, చివరికి సమీర చెవిలో చెప్పింది. సమీరకు చెవిలో మాట్లాడే అలవాటు లేదు.

"నాన్నా! పక్కింటి ఆంటీ ఫోన్‌లో మనం నాలుగో పేజీలోనే ఉన్నామట. రోజూ మనదే నొక్కుతున్నాం కదా, అందుకని మన ఫోన్లు మనకి మనదే చూపిస్తున్నాయి."

రమణబాబుగారు నోట్లోని రసగుల్లాను నెమ్మదిగా మింగారు. "అంటే నా ఫోన్‌కి నా మీద గౌరవం ఉంది. మిగతా దేశానికే లేదు."

"మంత్రిగారి ఫోన్ ఒక్క వారం మనకిచ్చేస్తే..." అన్నాడు ఉమామహేశ్. ఈ సూచన మీద పావుగంట గంభీరంగా చర్చ జరిగింది.

అసలు సంఘం వెబ్‌సైట్‌లో ఏముందో అప్పుడు చూశారు. అధ్యక్షుల సందేశం, అధ్యక్షుల జీవితవిశేషాలు, అధ్యక్షుల ఫొటోలు నలభై రెండు.

"జనం వెతికేది ఉండాలి నాన్నా," అంది సమీర.

"నన్ను వెతకరా?"

"ఇంట్లో నేనే వెతకను, చేపలకి పంపాలంటే తప్ప," అంది భానుమతి వంటింట్లోంచి.

సమీరకు తెలుగు మాట్లాడడమే గానీ రాయడం రాదు. ఉమామహేశ్ తెలుగు రాస్తే అది రైల్వే సర్క్యులర్‌లా ఉంటుంది. అలా ఆ పని నీరజకు వచ్చింది. జనం ఏం వెతుకుతారని ఆమె ఆలోచించలేదు. కలకత్తా ఆసుపత్రికి బయల్దేరే ముందు తన ఊరివాళ్లు ఒకరినొకరు ఏమడుగుతారో అదే రాసింది. 'ఏ స్టేషన్‌లో దిగాలి? భాష రాదు, ఎవర్ని అడగాలి? డాక్టరు పది రోజులు ఉండమంటే ఎక్కడ ఉండాలి?' రాసి, కాగితం పట్టుకుని మావయ్య ముందు నిలబడింది.

"జవాబులేం రాయమంటారు మావయ్యా?"

"మంచి జవాబులు రాయమ్మా."

"గది చూపిస్తామా?"

"చూపిస్తామని రాయి. రాయడానికేటి?"

"స్టేషన్‌కి ఎదురొస్తామా?"

"వస్తాం. ఎన్నింటికని మాత్రం రాయకు."

అడ్రసు ఉంటే ర్యాంకు పెరుగుతుందని సమీర చెప్పడంతో క్వార్టర్ నంబరు కూడా వేశారు. నెల తిరిగేసరికి సంఘం రెండో పేజీకి, తర్వాత మొదటి పేజీకి ఎగబాకింది. మే నెలాఖరున ముఖర్జీగారి భార్య ఫోన్‌లో కూడా సాల్మన్ రాజును కిందికి నెట్టి పైన కూర్చుంది. ఈసారి రసగుల్లాలు తినే ముందు ఏడు వేర్వేరు ఫోన్లలో వెతికి చూశారు.

మంత్రిగారు వచ్చిన రోజు రమణబాబుగారింటి హాల్లో నిలబడడానికి చోటు లేదు. ఆయన తన ఫోన్ తీసి, 'కలకత్తాలో తెలుగువాళ్లకి సాయం' అని తన వేలితో తానే టైపు చేశారు. దాన్ని ముగ్గురు వీడియో తీశారు. మొదటి వరుసలో హౌరా తెలుగు సేవాసంఘం. చప్పట్లు. దండ రమణబాబుగారి మెడలో పడుతుండగా బెల్లు మోగింది.

నీరజ తలుపు తీసింది. ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమె భర్త మెట్టు మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"పున్నమ్మని పాపా. నౌపడా కాడినుంచి వచ్చినాం. టేషన్‌కి వస్తామని ఇందులో రాసుంది గదా, పొద్దున్న దిగి మూడు గంటలు కూకున్నాం. ఎవలూ రాలేదు." ఆమె ఫోన్‌లో నీరజ రాసిన వాక్యాలే ఉన్నాయి. "పోయినేడు మా చెల్లి కాసులమ్మ వచ్చినప్పుడు నొక్కితే సాల్మన్ రాజుగారని వచ్చిందట. ఆ బాబే టేషన్‌కొచ్చి తీసుకెళ్లి గది చూపించాడంట. ఈయేడు నొక్కితే మీదొచ్చింది."

నీరజ హాల్లోకి వెళ్లింది. అంతమంది మధ్యలోంచి నడిచి వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి. మావయ్య చెవిలో చెప్పింది.

రమణబాబుగారు ఫొటోగ్రాఫరు వైపు నవ్వు చెదరనివ్వకుండానే అన్నారు. "మంత్రిగారున్నప్పుడేటమ్మా? వెబ్‌సైట్ వేరు, ఇల్లు వేరు. సోమవారం రమ్మను."

"మరి వస్తామని నేను రాశాను కదా మావయ్యా."

"బాగా రాశావు. అందుకే గదా ఫస్టొచ్చాం."

నీరజ మళ్లీ గుమ్మం దాటి బయటికి వచ్చింది. పున్నమ్మ చేతిలో సంచీ అందుకుని కింద పెట్టి, ఆమె ఫోన్‌లోనే రెండో వరుసలో ఉన్న నంబరు నొక్కింది. లోపల చప్పట్లు గట్టిగా ఉండడంతో రెండో చెవి మూసుకుంది. అవతల ఎవరో ఎత్తారు.

"హలో... సాల్మన్ రాజుగారాండీ?"

వెనక రమణబాబుగారు దండతో గుమ్మంలోకి వచ్చారు. మెట్ల మీది ముగ్గురికీ అలవాటు కొద్దీ నమస్కారం పెట్టి, ఏసీ చల్లదనం బయటికి పోతోందని తలుపు మూసుకున్నారు.