సీటు కింది సింహం

ఆ ఆదివారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పోయిన అన్నయ్య కారును సౌండు షాపులో ఇచ్చి, మధ్యాహ్నానికి కొత్త స్పీకర్లు బిగించుకొచ్చి, సాయంత్రం వదినను ఎప్పట్లాగే షికారుకు తీసుకెళ్లడం. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంది అనుకున్నాడు పాపం.

కారు అలాంటిలాంటిది కాదు. ఎర్రగా, నేలకు బెత్తెడు ఎత్తులో, ఇప్పుడే పందెంలోంచి తప్పించుకొచ్చినట్టు ఉండేది. అన్నయ్య దిగుతూనే "విన్నావా నా సింహాన్ని?" అని ఎదురుపడ్డ ప్రతివాణ్నీ అడిగేవాడు. గర్జన బ్రహ్మాండంగా ఉండేది కానీ పాటలే గరగరమనేవి. "మంచి సౌండు సిస్టం పెట్టించాలిరా తాబేలూ" అని తమ్ముడితో అంటూ అంటూనే, ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కూలబడి ఇక లేవలేదు.

తాబేలు అన్న పేరు ఊరికే రాలేదు. రోజంతా పుస్తకాల మధ్య తిరుగుతూ జనాన్ని "ష్" అనడమే తమ్ముడి ఉద్యోగం. సైకిళ్లకు కూడా దారిచ్చే రకం. అలాంటివాడు అన్నయ్య పోయినప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆ కారు తీస్తున్నాడు. వదిన వెనక సీట్లో కూర్చుని, ఊరు దాటగానే "కాస్త గట్టిగా తొక్కు చిన్నా" అనేది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కేవాడు. కారు గర్జించేది. అద్దంలోకి చూసే తీరిక లేక రోడ్డే చూసేవాడు. ఇల్లు చేరేసరికి ఆమె మొహం కాస్త తేటపడేది. ఆ గర్జనలో ఆమెకు భర్త వినపడుతున్నాడని అతని నమ్మకం. వారం మొత్తానికి ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటే. దానికి అన్నయ్య తీరని కోరిక కూడా జతచేస్తే బాగుంటుందనుకున్నాడు.

సౌండు షాపాయన్ని అందరూ బేస్ బాబాయ్ అంటారు. ఏళ్ల తరబడి స్పీకర్ల పక్కన బతికినందువల్ల గుసగుస కూడా కేకలాగే పెడతాడు. "పాతదంతా పీకేద్దాం సార్. పాట చెవుల్లో కాదు, వెన్నుపూసలో వినపడాలి" అన్నాడు. అన్నట్టే పీకాడు. డిక్కీలో పెద్ద పెట్టె దిగింది. అక్కడి స్టెప్నీ టైరుకు చోటు లేక ముందు సీట్లోకి వచ్చి, బెల్టు పెట్టుకుని కూర్చుంది.

తీరా స్టార్ట్ చేస్తే సింహం లేదు. కారు ఫ్రిజ్‌లా సన్నగా మూలిగింది. లైబ్రేరియన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంజిన్ నా శాఖ కాదు సార్" అని బేస్ బాబాయ్ చేతులు దులుపుకున్నాడు.

పక్క వీధి మెకానిక్ బానెట్‌లో తలదూర్చి చాలాసేపు ఆలోచించాడు. "సైలెన్సర్ పూడుకుపోయింది."

"పాటల కోసం వస్తే సైలెన్సర్ ఎందుకు పూడుకుపోతుందండీ?"

"రోగాలన్నీ కూడబలుక్కునే వస్తాయి సార్" అని మెకానిక్ దాన్ని ఊడదీశాడు. ఈసారి కారు పిండిమరలో రాళ్లు పోసినట్టు మోగింది. గర్జన అయితే కాదు. అయినా వదిన వేచి ఉంటుందని ఇంటికి తీసుకొచ్చాడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ మోతకు నిలబెట్టిన కార్లన్నీ ఒకేసారి కీచుమన్నాయి. కంగారులో ఏదో మీట నొక్కాడు. కొత్త స్పీకర్లు లేచాయి. మొదటి అంతస్తు కిటికీలు వణికాయి. జనం బాల్కనీల్లోకి వచ్చారు. అసోసియేషన్ సెక్రటరీ చెవులు మూసుకుని దగ్గరికొచ్చి, అంతా సద్దుమణిగాక, "తమరు లైబ్రేరియన్ కదండీ?" అని మర్యాదగా అడిగాడు. సైలెన్సర్ పెడితేగాని గేటు దాటనివ్వనన్నాడు. మెకానిక్ వచ్చి మళ్లీ బిగించి వెళ్లాడు.

అప్పుడు బేస్ బాబాయ్ ఫోను. "సార్, సీటు కింద చిన్న డబ్బా ఒకటుంటే పనికిరానిదని పీకాను. ఇప్పుడే కారు కంపెనీవాళ్లను అడిగా. మీ గర్జన అందులోదట. ఇంజిన్‌ది కాదు, స్పీకర్లలోంచి వినిపిస్తారట."

అన్నయ్య ఊరంతా చాటుకున్న సింహం ఒక డబ్బా. లైబ్రేరియన్‌కు నవ్వు రాబోయి, వదిన గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు ఏ మొహంతో చెప్పాలి?

వదిన ఎప్పటి వేళకే దిగొచ్చి వెనక కూర్చుంది. ఊరు దాటారు.

"గట్టిగా తొక్కు చిన్నా."

తొక్కాడు. కారు చప్పుడు లేకుండా దూసుకుపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఒక వెక్కు వినపడి, ఠక్కున తెగిపోయింది. అతను కారు పక్కకు ఆపి, వెనక్కి తిరగకుండానే అంతా చెప్పేశాడు. డబ్బా సంగతి కూడా దాచలేదు.

"మీకు మిగిలిన ఆ ఒక్కటీ నేనే పోగొట్టాను వదినా."

ఆమె తడి గొంతుతోనే చిన్నగా నవ్వింది. "ఈ సంగతి తెలియకుండానే పోయారు మీ అన్నయ్య. అదే నయం. ఆ మోతంటే నాకు మొదట్నుంచీ తలనొప్పి, చిన్నా."

"మరి ప్రతి ఆదివారం..."

"ఇంట్లో ఏడిస్తే అత్తయ్యగారు తట్టుకోలేరు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడిస్తే, నీళ్లు వృథా చేస్తున్నానని కింది వాళ్లు వచ్చి తలుపు కొడతారు. బళ్లో పాఠం చెబుతూ పిల్లల ముందు కుదరదు. ఈ మోతలో అయితే ఎంత ఏడ్చినా నీకు వినపడదు కదా."

అన్నయ్య పోయిన రోజు వచ్చినవాళ్లకు కుర్చీలు వేయడం, ఫోన్లు చేయడం, అమ్మను పట్టుకోవడం అన్నీ అతనే చూసుకున్నాడు. ఏడవడానికి వంతు రాలేదు. ఇప్పుడు వచ్చింది. స్టీరింగ్ మీద తలపెట్టి, ముందు సీట్లో టైరూ వెనక సీట్లో వదినా వింటుండగా, బావురుమన్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యేసి, తనూ దాచుకోకుండా ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని అతను బేస్ బాబాయ్‌కు ఫోను చేశాడు.

"ఆ డబ్బా మళ్లీ పెట్టేయండి."

"పెడతా సార్. మోత ఎక్కువా తక్కువా చేసుకునే వీలుందట. ఎంత పెట్టమంటారు?"

లైబ్రేరియన్ ముక్కు తుడుచుకున్నాడు.

"ఇద్దరికి సరిపడా."