క్రిసాంతా ఫోన్‌కు గడియలు పెట్టుకున్న రోజు

సాయంత్రం కూడలిలో బ్యాండు మొదలయ్యే వేళకు జుట్టు దిద్దించుకుని, తెల్ల గౌను వేసుకుని, దోన్ బాసిలియోతో జంటగా డాన్సోన్ నాట్యం ఆడాలి. మెక్సికోలోని వెరాక్రూజ్‌లో క్రిసాంతా ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఈ వయసులో నడుం మీద మగవాడి చెయ్యి ఉండగా పిల్లల కంట పడితే నవ్విపోతారని ఆమె భయం. వాళ్లు నవ్వితే ఇక జన్మలో ఆ కూడలిలో అడుగు పెట్టలేననుకుంది.

అడ్డమల్లా ఫోనే. అమ్మ ఎక్కడుందో పిల్లలిద్దరికీ కనపడేలా కూతురు నెరెయిదా ఎప్పుడో అందులో ఏర్పాటు చేసింది. క్రిసాంతా కాఫీ పక్కన పెట్టుకుని ప్రైవసీ సెట్టింగుల్లోకి దిగింది. లొకేషన్ ఆపింది. మెసేజీలు చదివిందో లేదో తెలియకుండా చేసింది. చెయ్యి తిరిగాక ఊరుకోలేక ఫొటోలకూ, మైకుకూ ఉన్న అనుమతులు కూడా పీకేసింది. ఇంటి తలుపులన్నీ గడియ వేసుకున్నంత నిశ్చింతగా అనిపించింది.

ఫొటోలు మూతపడడంతో, రోజూ పొద్దున్నే కుటుంబం గ్రూపుకు ఆమె పంపే గులాబీల శుభోదయం ఆవేళ వెళ్లలేదు. తుపానులో కూడా ఆగని గులాబీలవి. కొడుకు ఫెర్మిన్ మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, ఆ గ్రూపులోంచే ఫోన్ చేశాడు. క్రిసాంతా సెలూన్‌లో ఉంది. ఎత్తి మాట్లాడింది కానీ, మైకు ఆపేసింది కదా, అటు ఒక్క ముక్క వినపడలేదు.

"అమ్మా, పలకవేంటి? ఎవరది, మా అమ్మ ఫోన్ ఎత్తింది? మాట్లాడకపోతే పోలీసుల్ని పిలుస్తా."

పోలీసులొస్తే డాన్సోన్ సంగతి ఊరంతా తెలుస్తుంది. ఆమె గబగబా టైపు చేసింది: "బాగున్నాను. పోలీసులకు చెప్పొద్దు."

ఫెర్మిన్ ఆ మెసేజీ రెండుసార్లు చదివాడు. "కిడ్నాపర్లు అచ్చం ఇలాగే రాయిస్తారే," అన్నాడు చెల్లెలితో.

"పైగా 'దేవుడు చల్లగా చూడాలి' అన్న మాట లేదన్నయ్యా. ఉప్పు తెమ్మని రాసినా దీవించకుండా వదలదు అమ్మ," అని నెరెయిదా ఏడుస్తూనే పోలీసులకు ఫోన్ చేసేసింది.

తల్లి ఇంటికి పరుగెత్తుకొచ్చిన ఇద్దరికీ ఎదురింటి చోనిత మిగతాది పూర్తి చేసింది. "టోపీ పెట్టుకున్న ఒకాయన సెలూన్ ముందు మీ అమ్మని టాక్సీ ఎక్కించుకుపోయాడు బాబూ. కూడలి వైపే పోనిమ్మన్నాడు," అంటూ చీపురు పుచ్చుకుని తనూ బయల్దేరింది.

పోలీసుల్నీ కూడలికే రమ్మని చెప్పి వాళ్లు వెళ్లేసరికి అక్కడ డాన్సోన్ మధ్య విరామం. జంటలన్నీ నిలబడిపోయి ఉన్నాయి. ఆడవాళ్లు విసనకర్రలు విసురుకుంటున్నారు. ఫెర్మిన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి పడ్డాడు.

"మా అమ్మని వదలండి."

"ఆయన ఎప్పుడో వదిలేశాడురా. నేనే పట్టుకున్నాను," అంది క్రిసాంతా. ముఖం సిగ్గుతో కందిపోయింది. "మీరు చూడకూడదనే ఫోన్‌లో అన్నీ ఆపేసుకున్నాను. ఇక నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఫెర్మిన్ తల్లి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నెరెయిదా ఆమె చెదిరిన జుట్టు సర్దుతూ, "రోజూ ఆడుకోవే అమ్మా. పొద్దున్నే మాత్రం గులాబీలు పంపు," అంది. క్రిసాంతాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి పిల్లల్ని చూసి ఇన్నాళ్లూ ఎందుకు భయపడిందో ఆమెకే అర్థం కాలేదు.

అప్పుడే పోలీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఆఫీసరమ్మ, చోనిత చీపురుతో చూపించిన కిడ్నాపర్ ఎదుట నిలబడి, టోపీ కింద ముఖం చూసింది.

"నాన్నా," అంది. "మోకాళ్ల నొప్పులని డాక్టర్ దగ్గరికి వెళ్లావు కదా."

దోన్ బాసిలియోకు ప్రైవసీ సెట్టింగుల బెడద లేదు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఇంట్లోనే పెట్టి వస్తాడు.