ఎర్ర పీలికల దారి

ఆదివారం పొద్దున్నే దర్జీ మహా దర్జాగా ప్రకటించాడు. "ఇవాళ షాపు మూత. సముద్రం ఒడ్డు పొదల దారంట హాయిగా లైట్‌హౌస్ దాకా నడిచొద్దాం."

భార్య చెప్పులు తొడుక్కోబోతూ ఆగింది. "దారి తెలుసా? పోనీ ఎవర్నన్నా అడుగుదామా?"

"దారి అడగడమా? నేనా?"

"మా చెల్లెలి పెళ్ళప్పుడూ అడ్డదారి తెలుసనే అన్నారు. మనం వెళ్ళేసరికి గిన్నెలు కడుగుతున్నారు."

ఈ గిన్నెల మోత అతనికి కొత్త కాదు. చుట్టాలొచ్చినా మోతే, బస్సు ఆలస్యమైనా మోతే. ఇవాళ దానికి ముగింపు కుట్టు వేసెయ్యాలనుకున్నాడు.

"పందెం! ఎవర్నీ దారి అడక్కుండా నిన్ను లైట్‌హౌస్ చేరుస్తా. చేరిస్తే మళ్ళీ జన్మలో ఆ పెళ్ళి ఊసెత్తకూడదు."

"ఒట్టు! చేర్చకపోతే మాత్రం మనవలకి కూడా కథగా చెబుతా."

"ఇంకోటి. ఇవాళ చెత్త ఊసు కూడా ఎత్తకూడదు. వారమంతా నాకు అదే వినపడుతోంది."

ఆమె పారిశుద్ధ్య విభాగంలో సూపర్‌వైజరు. ఆరు రోజులు వీధులు ఊడిపించిన కళ్ళకి ఏడో రోజు సెలవివ్వడం ఆమెకు చేతకాదు. అయినా సరేనంది.

చేతిలో దారం ఉన్నవాడికి దారి దానంతటదే వస్తుందని దర్జీ సిద్ధాంతం. అందుకే లైనింగు గుడ్డని, అంచు రంపంలా తెగే తన పంటి కత్తెరతో ఎర్రని పీలికలుగా కత్తిరించి జేబులో కుక్కుకొచ్చాడు. దారి చీలినచోటల్లా నాలుగడుగులు ముందుకు పోయి, పిట్టను చూస్తున్నట్టు నటిస్తూ కొమ్మకొక పీలిక కట్టేవాడు. దారి తప్పితే వెనక్కొచ్చి రెండో దారి పట్టొచ్చు. ఆమెకు తెలిస్తే మాత్రం దారి తెలియదని ఒప్పుకున్నట్టే!

గుట్టుగా కుట్టిన ఈ పథకం ఒక కొండ అంచున తెగింది. ముందు సముద్రం తప్ప నేల లేదు. లైట్‌హౌస్ చూస్తే నీళ్ళకు అవతలి ఒడ్డున నిలబడి ఉంది.

"ఇది చూపించాలనే తెచ్చా," అన్నాడు తడుముకోకుండా. "ఇక వెనక్కి తిరుగుదాం."

తిరిగితే మొదటి కొమ్మకు పీలిక లేదు. రెండోదానికీ లేదు. గాలికి ఊడిందా? తన ముడి ఊడదే! మేక తిన్నదా? పిట్ట గూటికి పట్టుకుపోయిందా? భార్యను అడిగితే గుట్టు బయటపడుతుంది. ఆమె చేతిసంచీ మాత్రం పొద్దుటికంటే ఒళ్ళు చేసినట్టు కనిపించింది.

దారి తోచక మళ్ళీ కొండ అంచుకే వచ్చేసరికి పొదల్లోంచి ఉదయపు నడక బృందమొకటి బిలబిలమంటూ ఊడిపడింది. ముందు ఒక డ్రిల్లు మాస్టారు, మెడలో ఈల, చేతిలో కర్ర.

"మీ నడకలో ధీమా చూసి మీ వెనకే వచ్చేశాం సార్! మొదట ఈ గుడ్డలు దారి గుర్తులనుకున్నాం. చూస్తే మీ ఆవిడ అన్నీ పీకేస్తున్నారు! చెట్లని ఇలా పాడు చేస్తారా అని మేమూ తలో చెయ్యీ వేశాం. ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు!"

అందరూ గర్వంగా చేతులెత్తారు. చేతినిండా ఎర్రెర్రని పీలికలు. భార్య తప్పు చేసిన పిల్లలా సంచీ తెరిచింది. "చెత్త ఊసెత్తకూడదన్నారు కదాని మీకు చెప్పలేదండీ." అంటూ ఒక పీలిక పైకి తీసి, దాని రంపపు అంచు చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. పీలికని భద్రంగా మళ్ళీ సంచీలో పెట్టుకుంది. అదే అతన్ని భయపెట్టింది.

"కానివ్వండి సార్, ముందు మీరే!" అన్నాడు మాస్టారు.

దర్జీ నడిచాడు. బృందం నడిచింది. కొలత తప్పని మనిషి ఎడమకు తిప్పి, కుడికి మడిచి, చివరకు అందరినీ ఆ కొండ అంచుకే తెచ్చి అతికించాడు.

"ఈ బండని ఇందాక చూసినట్టుందే?" అన్నాడు మాస్టారు.

"బండలన్నీ ఒక్కలాగే ఉంటాయి మాస్టారూ."

"బండమీద నా చేతికర్ర కూడా ఉంది సార్. ఇందాక మర్చిపోయాను."

ఇక లాభం లేదని మాస్టారు ఈల అందుకున్నాడు. ఆ మోతకు అటవీ గార్డు రొప్పుకుంటూ వచ్చి పీలికలు చూశాడు. "ఎవడండీ చెట్లకి గుడ్డలు కట్టింది? దొరికితే అడివంతా ఊడిపిస్తాను!"

"సిగ్గులేని మనుషులు!" అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది దర్జీ. భార్యకు పొలమారింది.

"ఇవన్నీ ఏరింది ఈవిడే," అన్నాడు మాస్టారు.

గార్డు ఆమెకు నమస్కారం పెట్టాడు. "మీలాంటివాళ్ళు ఉండాలమ్మా. పదండి, లైట్‌హౌస్ దగ్గర టీ తాగి వెళ్దురుగాని." పొదల చాటున దాగిన కాలిబాటంట నీళ్ళ చుట్టూ వంకర తిప్పి, చిటికెలో అవతలి ఒడ్డుకు చేర్చేశాడు.

దర్జీ గ్లాసు అందుకుని ఆమె చెవిలో గొణిగాడు. "చూశావా? నేనెవర్నీ దారి అడగలేదు. లైట్‌హౌస్ వచ్చింది. పందెం నాదే!"

ఆమె టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "నిజమేనండీ. ఒట్టంటే ఒట్టే."

ఇంటికి రాగానే సంచీడు పీలికలూ కుట్టుమిషను మీద గుమ్మరించి, లోపలికి వెళ్ళి చెల్లెలికి ఫోన్ కలిపి ఎర్ర పీలికల కథ మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆమె చెల్లెలి పెళ్ళి ఊసు పొరపాటున కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.