రక్తానికి గానుగ

ఆ ఉదయం అబ్దుల్ సత్తార్ వేసుకున్న పథకం చాలా సులువైనది. వీధివాళ్ళ రక్తంలో తన గానుగ నూనె కనిపించాలి, అంతే.

ప్రొద్దుటూరులో వనస్పతి డబ్బాలు దిగినప్పటి నుంచి అతని శనగనూనెకు గిరాకీ సగానికి పడింది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే గానుగెద్దును అమ్ముకోవలసిందే. సరిగ్గా అప్పుడే డాక్టర్ ఆనందరావు బృందం వీధి బడిలో దిగింది. నూనెల్లో విటమిన్ ఇ అనేదొకటి ఉంటుందట. ఏ దేశంవాళ్ళు దాన్ని ఎంత తింటున్నారో, రక్తంలో ఎంత నిలుస్తోందో లెక్క తీస్తున్నారట. జపానువాళ్ళ పక్కన ప్రొద్దుటూరువాళ్ళనూ రాస్తారట. లోకంలో ఇంత పెద్ద తక్కెడ ఉందని తెలిసి సత్తార్‌కు ఒళ్ళు జలదరించింది.

రక్తమివ్వడానికి ఎంచుకున్న నలభై మందీ పరగడుపున రావాలని బడి అయ్యవారు ముందురోజే ఇంటింటికీ చెప్పి వెళ్ళాడు. సత్తార్ దాన్ని తన లెక్కలో తూచాడు. ఈ ఊళ్ళో కడుపు ఖాళీగా రమ్మన్నారంటే విందుకే. డాక్టర్ల దగ్గర చూస్తే పొయ్యి లేదు, గుండిగ లేదు.

"పిల్చినోళ్ళకు వండే దారి లేదు, పాపం. మనమే పెడదాం" అన్నాడు భార్య ఖాతూన్‌బీతో. "గానుగలో ఏం ఏస్తే అదే కారతాది. నూనె ధారాళంగా పొయ్."

తెల్లారేసరికి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు సిద్ధమయ్యాయి. బడికి పోయేవాళ్ళంతా ముందు సత్తార్ ఇంటి ముంగిట ఆగారు.

"సత్తారు మామా, బొరుగులు ఈత కొడతాండాయి గదప్పా!" అన్నాడు మగ్గం నేసే జమాల్.

"కొట్టనీలే. నీ నెత్తుట్లో తేలాల."

బడిలో డాక్టర్ సూది పట్టుకుని అడిగాడు. "ఏమీ తినలేదు కదా?"

"తినకేం సార్! మూడు తూర్లు పెట్టించుకున్న్యా" అన్నాడు జమాల్. వెనకనున్నవాడు తనవి నాలుగన్నాడు.

డాక్టర్ సూది కింద పెట్టేశాడు. "తిని వస్తే లెక్క తప్పుతుందయ్యా! రేపు మేము పులివెందులలో ఉండాలి. మీ ఊరి వరుస ఖాళీగా పోవలసిందేనా? తినని మనిషి ఒక్కరైనా లేరా?"

ప్రపంచ పట్టికలోంచి ప్రొద్దుటూరును తన బజ్జీలే తుడిచేశాయని సత్తార్‌కు అర్థమైంది. అంతలో చుట్టూ చూస్తే, వడ్డించిన మనిషి కనబడింది.

"నేనింగా తినల్యా" అంది ఖాతూన్‌బీ. "ఈళ్ళు మిగిలిస్తే గదా!"

ఆమె రక్తాన్ని గాజుగొట్టంలో పోసి, డాక్టర్ ఒక చిన్న యంత్రానికి తగిలించి చేత్తో గిరగిరా తిప్పాడు. ఆపి చూస్తే ఎరుపంతా మడ్డిలా అడుగున దిగింది. పైన లేత పసుపు రంగులో తేటనీరు నిలిచింది. పీపాలో తేరుకున్న నూనె అచ్చంగా అలాగే ఉంటుంది. సత్తార్ తెలియకుండానే టోపీ సర్దుకున్నాడు.

"యా అల్లా! నెత్తురుకు గూడా గానుగుందా!"

డాక్టర్ కలం తీశాడు. "ఇంట్లో ఏ నూనె వాడతారమ్మా?"

సత్తార్ ఛాతీ ముందుకొచ్చింది. గానుగ బతకాలంటే ఈ ఒక్క మాట చాలు.

"కుసుమనూనె సారూ. జమ్మలమడుగు నుంచి మా అమ్మ పంపుతాది."

నలభై తలలు సత్తార్ వైపు తిరిగాయి.

"మాకమ్మేది ఒకటి, నువ్వు తినేది ఇంగొకటా మామా?" అన్నాడు జమాల్.

"శనగనూనె మంచిదే" అన్నాడు డాక్టర్ రాసుకుంటూ. "కుసుమనూనెలో ఈ విటమిన్ ఇంకా ఎక్కువ."

సాయంత్రానికి వీధి వీధంతా అతని అంగడి ముందు నిలబడి కుసుమనూనె అడిగింది.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో సత్తార్ పిలవకుండా అత్తగారింటికి వెళ్ళడం అదే మొదలు, ఖాళీ పీపాలతో వెళ్ళడమూ అదే మొదలు.